పాత ఇల్లు, కొత్త గది: అతుకు దగ్గర పగులు ఎందుకు వస్తుంది?

కుటుంబం పెరిగితే ఇల్లూ పెరగాలి. కొడుక్కి పెళ్లి కుదిరినప్పుడో, పెద్దవాళ్లకు స్నానాల గది దగ్గరగా కావలసి వచ్చినప్పుడో, పిల్లల చదువుకు ఒక గది అవసరమైనప్పుడో చాలామంది కొత్త ఇల్లు కట్టే స్తోమత లేక ఉన్న ఇంటికే ఒక గది కలుపుకుంటారు. లేదా డాబా మీద ఇంకో అంతస్తు వేస్తారు. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు, బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పు ఆ గదిలోకే పోతాయి. అయినా ఇలాంటి పనికి ఇంజనీరును పిలిచేవాళ్లు తక్కువ. ‘ఒక్క గదే కదా’ అనుకుంటారు. నిజానికి ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు కట్టడం కంటే పాత ఇంటికి గది కలపడమే కష్టమైన పని. వయసు, బరువు, పునాది, కట్టుబడి అన్నీ వేరైన రెండు కట్టడాలను అక్కడ పక్కపక్కన నిలబెట్టాల్సి ఉంటుంది.

పల్నాడు ప్రాంతంలో నల్లరేగడి నేల మీద ఉన్న ఒక పెంకుటింటిని ఉదాహరణగా తీసుకోండి. అరవై ఏళ్ల కిందట ఇటుక, గానుగ సున్నంతో కట్టిన ఇల్లు. ముందు వసారా, లోపల రెండు గదులు, వెనక వంటిల్లు. పడమటి గోడకు ఆనించి ఇంటివాళ్లు ఒక పడకగది, దానికో స్నానాల గది కట్టించారు. కొత్త గోడ పాత గోడకు గట్టిగా అతుక్కోవాలని మేస్త్రీ పాత గోడలో అక్కడక్కడా ఇటుకలు ఊడదీసి, ఆ సందుల్లో కొత్త ఇటుకలు దూర్చి కట్టాడు. పైన స్లాబు పోశారు. గృహప్రవేశం నాటికి అంతా బాగానే ఉంది. మరుసటి ఎండాకాలం రెండు గోడలు కలిసేచోట వెంట్రుక మందాన గీత కనిపించింది. సిమెంటుతో పూడ్చి రంగు వేశారు. ఆ పై ఏడాది అదే చోట మళ్లీ పగిలింది. ఈసారి కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంది.

ఇలాంటి పగులు చాలా ఊళ్లలో కనిపిస్తుంది. ఇటుకలు నాసిరకమనో, మేస్త్రీ సిమెంటు తక్కువ కలిపాడనో నింద వేయడం మామూలే. అసలు కారణం చాలాసార్లు గోడలో ఉండదు, గోడ కింద ఉంటుంది.

కుదురుకున్న నేల, ఇంకా కుదురుకోని నేల

ఏ కట్టడమైనా తన బరువుతో కింది నేలను నొక్కుతుంది. నేల అంటే మట్టి రేణువులు, వాటి మధ్య ఖాళీలు, ఆ ఖాళీల్లో నీరు, గాలి. ఇసుక నేలలో ఖాళీలు పెద్దవి కాబట్టి బరువు పడగానే నీరు పక్కకు తప్పుకుంటుంది, రేణువులు దగ్గరపడతాయి. కుంగవలసిందంతా దాదాపు కట్టుబడి పూర్తయ్యేలోపే కుంగిపోతుంది. బంకమట్టి అలా కాదు. అందులో ఖాళీలు అతి సూక్ష్మం. నీరు బయటికి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. నీరు తగ్గేకొద్దీ నేల కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది. ఈ క్రియకు గణిత రూపం ఇచ్చినవాడు కార్ల్ టెర్జాగి. 1925లో ఆయన ప్రచురించిన గ్రంథంతోనే ఆధునిక మృత్తికా యాంత్రికశాస్త్రం మొదలైందని చెబుతారు.

ఇటలీలోని పీసా గోపురం ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. 1173లో పని మొదలైంది. మూడో అంతస్తు దాకా వచ్చేసరికి ఆగిపోయి, దాదాపు వందేళ్లు అలాగే ఉండిపోయింది. ఆ విరామంలో కింది మెత్తటి బంకమట్టి ఆ బరువుకు కుదురుకుని కొంత గట్టిపడింది. మధ్యలో ఆగకుండా కట్టుకుంటూ పోయి ఉంటే గోపురం అప్పుడే కూలి ఉండేదని తరువాతి కాలపు ఇంజనీర్ల లెక్కల్లో తేలింది.

పల్నాటి పెంకుటింటికి వస్తే, పాత గోడ కింద నేల అరవై ఏళ్లుగా ఆ బరువుకు అలవాటుపడింది. ఎంత కుంగాలో అంతా ఎప్పుడో కుంగింది. కొత్త గోడ కింద నేలకు బరువు పడింది ఇప్పుడే. అది ఇంకా కుంగాలి. కొత్త గోడ 10 మిల్లీమీటర్లు దిగబోతుంటే, పాత గోడలోకి దూర్చిన ఇటుకలు దాన్ని పట్టి ఆపాలని చూస్తాయి. ఇటుక కట్టుబడికి నొక్కుడును ఓర్చుకునే శక్తి ఎక్కువ, సాగదీతను ఓర్చుకునే శక్తి చాలా తక్కువ. అందుకే అది పగులుతుంది. గట్టిగా కలపాలని చేసిన పనే పగులుకు కారణమవుతుంది.

కట్టడం మొత్తం సమానంగా కుంగితే పెద్ద నష్టం లేదు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కుంగడమే ప్రమాదం. స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీర్లు 1956లో అనేక భవనాలను పరిశీలించి ఒక కొలత చెప్పారు. రెండు బిందువుల మధ్య కుంగుడులో ఉన్న తేడా వాటి మధ్య దూరంలో 300వ వంతుకు చేరితే గోడలు పగలడం మొదలవుతుంది. 150వ వంతుకు చేరితే కట్టడం బలానికే దెబ్బ తగులుతుంది. 3 మీటర్ల గోడకు 300వ వంతు అంటే 10 మిల్లీమీటర్లు మాత్రమే. చిటికెనవేలి మందం కూడా లేని ఆ తేడా చాలు, గోడ మీద గీత పడటానికి.

పగులు పైన వెడల్పుగా ఉండటానికీ అర్థం ఉంది. కొత్త గది బయటివైపు అంచు ఎక్కువగా దిగితే గది మొత్తం పాత ఇంటి నుంచి దూరంగా ఒరుగుతుంది. అడుగున కదలిక తక్కువ, పైన ఎక్కువ. కాబట్టి పైన సందు వెడల్పవుతుంది.

నల్లరేగడి ఉబ్బు, నెర్రెలు

నల్లరేగడి నేలలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఎక్కువ. దాని నిర్మాణం పలుచటి పొరల దొంతరలా ఉంటుంది. వానాకాలంలో ఆ పొరల మధ్యకు నీరు చేరి వాటిని ఎడంగా నెడుతుంది, నేల ఉబ్బుతుంది. ఎండాకాలంలో నీరు పోయి పొరలు దగ్గరపడతాయి, నేల కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. పత్తి రైతుకు మేలు చేసే గుణమే ఇల్లు కట్టేవారికి కష్టం తెస్తుంది. ఉబ్బేటప్పుడు ఈ మట్టి ఒక అంతస్తు ఇంటి గోడను పైకెత్తగలదు. తేలికైన కట్టడాలకే ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే ఉబ్బును అణచిపెట్టేంత బరువు వాటికి ఉండదు.

ఈ ఉబ్బు, కుంచింపు నేల పైభాగంలోనే ఎక్కువ. లోతుకు పోయేకొద్దీ తేమ ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ సూత్రం ఆధారంగానే నల్లరేగడి నేలలకు అండర్‌రీమ్డ్ పైల్ పునాదులను మన దేశంలో అభివృద్ధి చేసింది. నేలలో సుమారు 3.5 మీటర్ల లోతుకు సన్నటి గొయ్యి తవ్వి, అడుగున దాన్ని గొయ్యి వెడల్పుకు రెండున్నర రెట్ల దాకా ఉబ్బెత్తుగా విస్తరించి, ఇనుము దించి కాంక్రీటు పోస్తారు. ఆ ఉబ్బెత్తు భాగం నిలకడైన నేలలో లంగరులా పట్టుకుంటుంది. పైన మట్టి ఎంత ఉబ్బినా, కుంగినా ఇల్లు కదలదు. ఐఐటీ బొంబాయికి చెందిన ఆచార్య ఆర్. కె. కట్టి ఇంకో మార్గం చూపారు. ఉబ్బే మట్టిని కొంత లోతు వరకు తీసేసి, ఆ స్థానంలో బంకగుణం ఉండి కూడా ఉబ్బని మట్టిని పొరలుగా వేసి దిమ్మిస కొట్టడం. ఆ పొర కింది ఉబ్బును చాలావరకు అదుపు చేస్తుంది. చాలాచోట్ల చేసినట్టు గుంతను ఇసుకతో నింపితే ఆ ఫలితం రాదు. ఇసుక నీటిని తేలిగ్గా కిందికి దింపి, ఉబ్బే మట్టికే అందిస్తుంది.

గది కలిపినప్పుడు నేలలో తేమ తీరు కూడా మారుతుంది. పాత ఇంటి పడమటి గోడ ఇన్నాళ్లూ బయటి గోడ. దాని పక్క నేల ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఉండేది. ఇప్పుడు ఆ నేల గది కిందికి వచ్చింది. పైన గచ్చు ఉండటంతో ఆవిరి పోయే దారి మూసుకుపోయి అక్కడ తేమ నెమ్మదిగా పెరుగుతుంది. కొత్త గది అవతలి అంచు మాత్రం ఎండకు, వానకు కొత్తగా ఎదురు నిలిచింది. ఒకే గదికి ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు కుంచింపు. స్నానాల గది గొట్టం ఎక్కడైనా కారితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

చూరు నీళ్ల సంగతీ మరువకూడదు. పెంకుటింటి పడమటి చూరు నుంచి కారే వాననీళ్లు పూర్వం దూరంగా పడి పారిపోయేవి. ఇప్పుడు ఆ నీళ్లు పడేచోట గది గోడ ఉంది. పెంకుల వాలుకు, కొత్త గోడకు మధ్య రేకుతో కాలువ కట్టి నీటిని పక్కకు తిప్పకపోతే, అవి నేరుగా అతుకులోకి దిగి రెండు పునాదుల మధ్య మట్టిని తడుపుతాయి. నల్లరేగడి నేలలో అంతకు మించిన కీడు లేదు. ఇంటి చుట్టూ గోడ వారగా కనీసం మీటరు వెడల్పున, బయటికి వాలుగా గచ్చు వేయడం వల్ల పునాది దగ్గర తేమ ఒక్కసారిగా మారకుండా ఉంటుంది.

పాత పునాది పక్కన తవ్వేటప్పుడు

కొత్త పునాది ఎంత లోతు ఉండాలో తేల్చే ముందు పాత పునాది ఎంత లోతు ఉందో చూడాలి. అందుకు ఊహ పనికిరాదు. గోడ పక్కన ఒకచోట చిన్న గొయ్యి తవ్వి చూస్తే లోతు, వెడల్పు, రాతి కట్టుబడా ఇటుక కట్టుబడా, కింద ఏ మట్టి ఉంది అన్నీ తెలుస్తాయి. ఒక పూట కూలితో అయ్యే ఈ పని తరువాత వచ్చే ఎన్నో తిప్పలను తప్పిస్తుంది.

పాత గోడ పునాది మట్టి మీద నిలబడటమే కాదు, పక్కనున్న మట్టి దన్ను మీద కూడా ఆధారపడుతుంది. ఆ మట్టిని తీసేస్తే పునాది కింది మట్టి గుంతలోకి జారవచ్చు. పాత పునాది కంటే లోతుగా తవ్వాల్సి వస్తే గోడ పొడవునా ఒకేసారి కందకం తీయకూడదు. చిన్న చిన్న భాగాలుగా, ఒకటి వదిలి ఒకటి తవ్వి, ఒక భాగం కట్టి పూడ్చాకే పక్కది తవ్వాలి. తవ్విన గుంతను వానల్లో అలా వదిలేయడం మరీ ప్రమాదం. పక్కింటి గోడ కూలి ప్రాణాలు పోయిన ఘటనల వెనక తరచూ ఉండేది ఇలాంటి కందకమే.

దగ్గరదగ్గరగా ఉన్న రెండు పునాదుల ప్రభావం ఒకదాని మీద ఒకటి పడుతుంది. పునాది నుంచి బరువు నేలలోకి నిట్టనిలువుగా దిగదు, లోతుకు పోయేకొద్దీ పక్కలకు పరుచుకుంటుంది. స్థూలంగా 2 మీటర్లు దిగేసరికి ప్రతి వైపునా మీటరు మేర విస్తరిస్తుందని లెక్క వేస్తారు. కాబట్టి కొత్త గోడ బరువులో కొంత పాత గోడ కింది నేల మీదా పడుతుంది. పాత గోడ కొత్తగా మళ్లీ కొంచెం కుంగి, కొత్త గది వైపు ఒరగవచ్చు. కొత్త గది గోడను పాత గోడకు ఆనించకుండా, కొంచెం ఎడంగా పిల్లర్లు లేపి, పునాది స్థాయిలో బీమును ముందుకు సాచి దాని మీద గోడ కట్టడం ఒక పరిష్కారం.

కలపడం కాదు, విడిగా నిలపడం

ఇంతవరకు చెప్పిన దాని సారాంశం ఒకటే: కొత్త గది తన కాళ్ల మీద తాను నిలబడాలి. దానికి నాలుగు వైపులా సొంత గోడలో, నాలుగు మూలలా సొంత పిల్లర్లో ఉండాలి. స్లాబు ఒక అంచును పాత గోడ మీద ఆనించకూడదు. పాత, కొత్త కట్టడాల మధ్య సన్నటి సందు వదలాలి. భూకంపాలను తట్టుకునే నిర్మాణాల కోసం రూపొందిన భారత ప్రమాణం ఐఎస్ 4326, ఎత్తులోను కదలికలోను తేడా ఉన్న కట్టడాల మధ్య ఇలాంటి ఎడం ఉండాలని, అది 25 మిల్లీమీటర్లకు తక్కువ కాకూడదని చెబుతుంది.

ఈ సందు ఇంట్లో వికారంగా కనిపించనక్కరలేదు. థర్మోకోల్ వంటి నలిగే పదార్థాన్ని లోపల పెట్టి, అంచుల్లో రబ్బరులా సాగే సీలెంట్ నింపుతారు. పైన చెక్క పట్టీగాని అల్యూమినియం పట్టీగాని కప్పుతారు. పట్టీకి మేకులు ఒకవైపు గోడకే కొట్టాలి. రెండువైపులా కొడితే సందు వదిలిన ప్రయోజనమే పోతుంది. తలుపు చట్రాన్ని కూడా ఒకే గోడకు బిగించాలి. గడప దగ్గర గచ్చును కలిపి పోయకుండా అక్కడా ఒక గీత వదలాలి. నేల కదిలినప్పుడు ఆ కదలిక ఈ సందులోనే జరిగిపోతుంది, గోడ పగలదు.

సందు కుంగుడుకే కాదు, వేడికీ అవసరం. కాంక్రీటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అది మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. చలికాలం తెల్లవారుజామున, ఎండాకాలం మధ్యాహ్నం స్లాబు ఉష్ణోగ్రతల మధ్య 40 డిగ్రీల తేడా ఉంటే 5 మీటర్ల స్లాబు 2 మిల్లీమీటర్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. అదీకాక కొత్త కాంక్రీటు ఆరేకొద్దీ శాశ్వతంగా కొంత కుంచించుకుపోతుంది. ఐఎస్ 456 ప్రమాణం లెక్క ప్రకారం 5 మీటర్లకు అది సుమారు 1.5 మిల్లీమీటర్లు. పాత గోడకు ఈ కుంచింపు ఎప్పుడో అయిపోయింది.

భూకంపం మాట వింటే తెలుగువారు అది హిమాలయాల దగ్గరి సంగతి అనుకుంటారు. కానీ 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాల్లో చెప్పుకోదగ్గ భూకంపాలు వచ్చాయి. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర వచ్చిన భూకంపంలో వేల మంది చనిపోయారు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు వారి మీద పడ్డాయి. నేల ఊగినప్పుడు ప్రతి కట్టడం తన బరువును, బిగువును బట్టి తనదైన వేగంతో ఊగుతుంది. సున్నపు గోడల పెంకుటిల్లు ఒక తీరున, కాంక్రీటు గది ఇంకో తీరున ఊగితే రెండూ ఒకదాన్నొకటి ఢీకొంటాయి. దెబ్బ తగిలేది బలహీనమైన దానికి, అంటే పాత ఇంటికి.

సున్నపు గోడకు సిమెంటు పూత

పాత గోడను కొత్త గోడలా కనిపించేలా చేయాలని సిమెంటుతో పూత వేయించడం ఇంకో పొరపాటు. సున్నపు గోడ కొద్దిగా సాగే గుణం ఉన్నది. సన్నటి పగుళ్లలోకి నీటితోపాటు కరిగిన సున్నం చేరి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి మళ్లీ గట్టిపడి వాటిని కొంతవరకు తానే పూడ్చుకుంటుంది. నేల నుంచి పైకెక్కిన చెమ్మ సున్నపు పూత గుండా ఆవిరై పోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే నిలిచి ఇంకా పైకెక్కుతుంది. లవణాలు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. కొద్ది ఏళ్లకు సిమెంటు పూత పలకలు పలకలుగా ఊడిపోతుంది. సున్నంతో కట్టిన గోడకు సున్నపు పూతే తగినది.

పాత గోడలో కొత్త తలుపు తెరవడానికీ పద్ధతి ఉంది. గోడలో రంధ్రం చేస్తే పైనున్న ఇటుకల్లో త్రికోణాకారంలో ఉన్న భాగం ఆధారం కోల్పోతుంది. దానికి పైనున్న బరువు కమానులా రెండు పక్కలకు చేరుతుంది. అందుకే ముందు పైకప్పు దూలాలకు, గోడకు దన్ను పెట్టి, లింటెల్ అమర్చి, అది గట్టిపడ్డాకే కింద ఇటుకలు తీయాలి. దూలం ఆనినచోట కింద, గోడ మూలకు దగ్గరలో తలుపు తెరవకూడదు.

డాబా మీద అంతస్తు: బరువు లెక్క

పక్కన స్థలం లేనివాళ్లు పైకి కడతారు. డాబా మీద 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవున ఒక గది వేస్తే ఎంత బరువో లెక్క చూడండి. చుట్టూ 18 మీటర్ల గోడ, 3 మీటర్ల ఎత్తు, 23 సెంటీమీటర్ల మందం. తలుపులు, కిటికీలు తీసేస్తే ఇటుక కట్టుబడి సుమారు 20 టన్నులు. పైన 12.5 సెంటీమీటర్ల స్లాబు 6 టన్నులకు పైనే. పూత, గచ్చు కలిపి సుమారు 5 టన్నులు. మనుషులు, సామాను కోసం చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున మరో 4 టన్నులు. మొత్తం 35 టన్నులు, అంటే సుమారు ఎనిమిది ఏనుగుల బరువు. పైన వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు పెడితే ఇంకో టన్ను.

ఈ లెక్కలో గమనించాల్సింది, సగానికి పైగా బరువు గోడలదే. తేలికైన ఏఏసీ దిమ్మెలు వాడితే గోడల బరువు దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. అయినా కింది గోడలు, పునాది ఆ అదనపు బరువుకు సరిపోతాయా అన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. ఒక అంతస్తుకే అని కట్టిన సున్నపు గోడల మీద కాంక్రీటు అంతస్తు వేయడం అసలే తగదు. పిల్లర్ల ఇల్లయినా ఎన్ని అంతస్తులకు రూపొందించారో తెలియకుండా పైకి కట్టకూడదు. పాత నక్షా లేకపోతే పరీక్షలు ఉన్నాయి. రీబౌండ్ సుత్తితో కొట్టి చూసి కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని, అతిధ్వని తరంగాలు పంపి లోపలి పగుళ్లను, బోలును అంచనా వేస్తారు. కవర్ మీటరుతో లోపల ఊచలు ఎక్కడ, ఎంత లోతులో ఉన్నాయో కనిపెడతారు. గొయ్యి తవ్వి పునాది చూడటం ఇక్కడా తప్పనిసరి.

ఊళ్లలో చాలా డాబాల మీద పిల్లర్ల ఊచలు బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. ‘రేపు ఎప్పుడైనా పైన వేసుకోవచ్చు’ అన్న ఆశతో వదిలినవి. ఆ రేపు వచ్చేసరికి పదిహేనేళ్లు గడుస్తాయి. ఈలోగా వానకు, ఎండకు అవి తుప్పుపడతాయి. 12 మిల్లీమీటర్ల ఊచ తుప్పు గీకాక 10 మిల్లీమీటర్లే మిగిలితే దాని కోత వైశాల్యం 31 శాతం తగ్గినట్టు. బలమూ అంతే తగ్గుతుంది. అది చాలదన్నట్టు, తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఊచ వెంట లోపలికి పాకిన తుప్పు కింది పిల్లరు కాంక్రీటును పగలగొడుతుంది. ఊచలు వదలదలిస్తే వాటి చుట్టూ పలుచటి కాంక్రీటు పోసి కప్పి ఉంచాలి, అవసరమైనప్పుడు దాన్ని పగలగొట్టుకోవచ్చు. ఇప్పటికే తుప్పుపడి ఉంటే మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, మిగిలిన మందం కొలిచి, చాలకపోతే అదనపు ఊచలు ఎలా అమర్చాలో ఇంజనీరు నిర్ణయించాలి.

పాత కాంక్రీటు మీద కొత్తది పోసేటప్పుడు పాత ఉపరితలాన్ని చెక్కి గరుకు చేసి, దుమ్ము కడిగి, బాగా తడిపి, పైన నిలిచిన నీటిని తుడిచి అప్పుడు పోయాలి. ఎండిన పాత కాంక్రీటు కొత్తదానిలోని నీటిని పీల్చేసి అతుకును బలహీనం చేస్తుంది. కాంక్రీటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నీటితో రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది. నీరు అందనప్పుడు ఆ చర్య ఆగిపోతుంది. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి, పొడి వాతావరణంలో గాని, బూడిద కలిసిన సిమెంటు వాడినప్పుడు గాని కనీసం 10 రోజులు ఎడతెగకుండా తడిగా ఉంచాలి. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి. పిల్లర్లకు తడి గోనె సంచులు చుట్టాలి. స్లాబు వెడల్పు 4.5 మీటర్ల లోపు ఉంటే 7 రోజులకు, అంతకు మించితే 14 రోజులకు గాని కింది పోటీలు తీయకూడదు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని ఈ రోజులు తగ్గించడం వల్ల కలిగే నష్టాన్ని తరువాత ఎంత ఖర్చు పెట్టినా పూడ్చలేరు.

పగులు ఏం చెబుతోంది?

ఇప్పటికే గది కట్టి, పగులు వచ్చినవాళ్లు ముందు చేయాల్సిన పని దాన్ని పూడ్చడం కాదు, గమనించడం. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయాలి. మూడు చోట్ల వెడల్పు కొలిచి నెలకోసారి నమోదు చేయాలి. పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్కను రెండు కొసలా అతికించినా చాలు, కదలిక ఉంటే గాజు విరుగుతుంది.

ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకునే పగులు నల్లరేగడి ఉబ్బుకు గుర్తు. దానికి మందు గోడకు పూసే సిమెంటులో లేదు, నేలలోని తేమను నిలకడగా ఉంచడంలో ఉంది. గొట్టం కారుతుందేమో, వాననీరు ఎక్కడికి పోతోందో, గోడ పక్కన పెద్ద చెట్టు నీరు పీలుస్తోందా అని చూడాలి. నెలనెలా పెరుగుతూ, ఏడాదికో రెండేళ్లకో ఆగిపోయే పగులు కొత్త గది కుదురుకోవడానికి సంబంధించినది. ఆగాక సాగే పదార్థంతో పూడ్చవచ్చు. ఆగకుండా పెరుగుతూనే ఉండేది, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకేది, గోడను ఒకవైపు ముందుకు ఉబ్బించేది ప్రమాద సూచన.

బ్రిటన్‌లోని భవన పరిశోధన సంస్థ రూపొందించిన వర్గీకరణను ఇంజనీర్లు విరివిగా వాడతారు. 1 మిల్లీమీటరు దాకా ఉన్న పగులు రంగు వేసేటప్పుడు సరిచేసుకోదగ్గది. 5 మిల్లీమీటర్ల దాకా పూడ్చుకోవచ్చు. 5 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉంటే తలుపులు, కిటికీలు పట్టేయడం మొదలవుతుంది, గోడలో కొంత భాగం తిరిగి కట్టాల్సి రావచ్చు. 15 మిల్లీమీటర్లు దాటితే నష్టం తీవ్రమైనది. 25 దాటితే ఇల్లు నిలకడ కోల్పోయే ప్రమాదం ఉంది. ఆ దశలో ఇంట్లోవాళ్లు ఆ గదిలో పడుకోవడం మానేసి, వెంటనే ఇంజనీరుకు చూపించాలి.

గది కలపాలనుకునే కుటుంబం ఖర్చు లెక్క వేసేటప్పుడు మొదటి పద్దులో నాలుగు విషయాలు చేర్చుకోవాలి: పాత పునాది చూడటానికి ఒక గొయ్యి, మట్టి పరీక్ష, నిర్మాణ ఇంజనీరు సలహా, పంచాయతీ లేదా పురపాలక సంఘం అనుమతి. గది మొత్తం ఖర్చులో ఇది చిన్న భాగమే. సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎన్ని కిలోలు అన్న లెక్క ఆ తరువాతే. కొత్త గది పాత ఇంటికి ఎంత గట్టిగా అతుక్కుందని మేస్త్రీని అడగడం మామూలే. రెండింటి మధ్య ఎంత ఎడం వదిలారని, ఆ సందులోకి నీరు దిగకుండా ఏం చేశారని అడిగితే ఇంకా మేలు.